గోడకి ఊపిరి

గద్వాలలో మా పుట్టింటి వెనక గది గోడకి చెమ్మ పట్టిందని మా తమ్ముడు సిమెంటు పూయించాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ పూత పొక్కులు లేచి, లోపలి పాత సున్నాన్ని కూడా పెరుక్కుంటూ రాలిపోయింది. వీధి చివర ముసలి మేస్త్రి వచ్చి చూసి, "పాత గోడకు ఊపిరాడాలమ్మా, మీరు నోరు మూసినారు" అన్నాడు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. అక్కడ హయాత్ బక్షీ బేగం పేరున్న పెద్ద మసీదు వుంది. 1666 ప్రాంతపుది. ఆవిడెవరో తెలియకపోయినా హైదరాబాదులో సిటీబస్సెక్కే మనందరం ఆవిణ్ణి తలుస్తూనే వుంటాం. మాసాబ్ టాంక్ అంటే మా సాహెబా చెరువేనట! హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి కూతురు, తరవాతి సుల్తానుకి భార్య, ఆ తరవాతి అబ్దుల్లాకి తల్లి. 1626లో పన్నెండేళ్ళ కొడుకు గద్దెనెక్కితే వెనక నిలబడి రాజ్యం నడిపించింది ఈ తల్లే. అయినా పుస్తకాల్లో ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య. (నేనూ అలాగే చెప్పాను చూడండి!) 1667లో పోయింది. మసీదు పక్కనే సమాధి.

ఇరవయ్యో శతాబ్దంలో, మంచి చేద్దామనుకునే, ఆ తోటలోని కట్టడాలకి సిమెంటు పూశారు. సిమెంటు నీటిని లోపలే బంధిస్తుంది. ఆ నీరు వుప్పై, రాయినీ గచ్చునీ తినేస్తుంది. సున్నం అలా కాదు, తడిని బయటికి వదిలేస్తుంది. నెలల తరబడి గాలిని పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది. ఆగాఖాన్ ట్రస్టువారు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి 2013 నుంచి 2024 దాకా చేసిన పనిలో పెద్ద భాగం ఇదే. ఉలితో ఓపిగ్గా సిమెంటు రాల్చడం, డంగు సున్నం పూయడం. సున్నంలో బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు కలపడం మన తాతల నాటి పద్ధతే. కొత్తది పూయడం కన్నా తప్పుగా పూసింది తియ్యడమే కష్టమని, ఇల్లు దిద్దుకునే మనకి ఒకరు చెప్పాలా?

ఇంటికొచ్చి తమ్ముడికి ఫోను చేశాను. సిమెంటంతా తీయించి, ఆ మేస్త్రి చేతనే సున్నం వేయించరా అన్నాను.

"ఆయన పోయిన ఏడే పోయాడక్కా. కొడుకున్నాడు గానీ, వాడికి సిమెంటు పనే వచ్చు" అన్నాడు.