వాసన పోయిన జబ్బు

జలుబు చేసిన మనిషి "నోరు చచ్చిపోయింది" అంటాడు. నిజానికి తప్పు చాలావరకు నోటిది కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్ది రుచులను మాత్రమే నాలుక గుర్తించగలదు. చారులోని ఇంగువ, కొత్తిమీర గుబాళింపు గొంతు వెనుక దారిన ముక్కు పైభాగానికి చేరి, అక్కడి నాడీకణాల ద్వారా తెలుస్తుంది.

వైరస్ జ్వరాలు ఈ శక్తిని పోగొట్టగలవన్న సంగతి వైద్యులకు కొత్త కాదు. 1975లోనే అమెరికాలో హెంకిన్, ఆయన సహచరులు ఫ్లూ వంటి జబ్బు తరువాత రుచి, వాసన చెడినవారిని గురించి ఒక వ్యాసం ప్రకటించారు. 2007లో సుజుకీ బృందం అటువంటి రోగుల ముక్కు స్రావాలను పరీక్షించగా కొందరిలో జలుబు కలిగించే రైనోవైరస్, ఒకరిలో కరోనా వైరస్ కనబడినవి. అయినా ప్రాణం తీయని లక్షణం కాబోలునని దీనికి ఎవరూ పెద్దపీట వేయలేదు.

2020 మార్చిలో కోవిడ్ వ్యాపిస్తుండగా, జ్వరం గాని, విడవని దగ్గు గాని ఉన్నవారు ఇంట్లో విడిగా ఉండాలని బ్రిటన్ ప్రభుత్వం చెప్పినది. ఆ నెలలోనే అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘాల తరఫున నిర్మల్ కుమార్, క్లేర్ హాప్కిన్స్ ఒక ప్రకటన చేశారు. దక్షిణ కొరియాలో తేలికగా జబ్బు చేసినవారిలో నూటికి 30 మందికి వాసన పోవడమే ముఖ్య లక్షణమనీ, మరే బాధా లేకుండా వాసన మాత్రం పోయినవారూ విడిగా ఉండడం మంచిదనీ దాని సారాంశం. జలుబులోనూ వాసన పోతుంది గదా అని అధికారులు తటపటాయించడంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఈ రోగులలో పలువురికి ముక్కు దిబ్బడ లేనే లేదు. గాలి ధారాళంగా ఆడుతున్నది, వాసన మాత్రం లేదు. ఆ లక్షణం బ్రిటన్ జాబితాకెక్కినది మే 18న. మన కేంద్ర ఆరోగ్యశాఖ చేర్చినది జూన్ 13న. ఈలోగా కాఫీ వాసన తెలియకపోయినా, జ్వరం లేదు గదా అని నలుగురిలో తిరిగినవారెందరో ఎవరు చెప్పగలరు?

వైరస్ నాడీకణాలనే చంపుతున్నదేమోనని మొదట భయపడ్డారు. 2020 జూలైలో హార్వర్డుకు చెందిన సందీప్ రాబర్ట్ దత్తా బృందం వేరే సంగతి బయటపెట్టినది. వైరస్‌కు తలుపు వంటిదైన ఏసీఈ2 ప్రోటీను ఆ నాడీకణాలలో తయారుకాదు; వాటిని పోషిస్తూ చుట్టూ ఉండే ఆధారకణాలలో తయారవుతుంది. ప్రమిద పగిలి దీపం ఆరినదన్నమాట. ఆధారకణాలు మళ్ళీ పుట్టగలవు. ఎక్కువమందికి కొద్ది వారాలలో వాసన తిరిగివచ్చినది అందువల్లనే కావచ్చును.

నెలలు గడిచినా తిరిగిరానివారికి వైద్యులు చెప్పినది పాత ఉపాయమే. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో థామస్ హుమ్మెల్ బృందం దానిని పరీక్షించినది: గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వాసనలను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, 12 వారాలపాటు శ్రద్ధగా చూడడం. అందరికీ ఫలించదు. ఖర్చు మాత్రం స్వల్పం. లవంగాలు లేని వంటిల్లు మనకు అరుదు.