ఒకే ఒరలో రెండు కత్తులు

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఒకే కంప్యూటరు పెట్టెలో రెండు గ్రాఫిక్సు కార్డులు ఇముడుతాయా అన్న ప్రశ్నకు మాత్రం లోకం 1998 నుండి 2020 దాకా, అంటే ఇరవై రెండేళ్ళపాటు, అపారంగా డబ్బు పోసి సమాధానం వెదికింది. ఆ వెదుకులాటలో మన హైటెక్ సిటీ చుట్టుపక్కల అద్దె గదుల్లో కాపురమున్న కుర్రకారుకూ కొంత భాగముంది. చరిత్ర గ్రంథాలకు ఎక్కని ఆ ముచ్చటను ఇక్కడ కొంత వివరంగా వ్రాసి ఉంచుదామని ఈ టపా.

ముందుగా ఒక మనవి. గ్రాఫిక్సు కార్డుకు అచ్చతెలుగు మాటేదైనా వాడరాదా అని అడిగే మిత్రులున్నారు. 'చిత్రఫలకం' అనవచ్చు, బాగానే ఉంటుంది. కానీ సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, అదే మన సీటీసీకి, వెళ్ళి చిత్రఫలకం కావాలని అడిగితే పటాలు కట్టే దుకాణానికి దారి చూపిస్తారు. అందుచేత కార్డును కార్డుగానే ఉంచుతున్నాను.

1998వ సంవత్సరం మనకు గుర్తుండదగినది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది ఆ యేడే. నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిందీ ఆ యేడే. అమెరికాలో త్రీడీఎఫ్ఎక్స్ అనే సంస్థ వూడూ2 అనే కార్డును విడుదల చేసిందీ ఆ యేడే. ఈ వూడూ2 కార్డులు రెండింటిని పక్కపక్కన బిగించి, పెట్టె లోపల ఒక పట్టీ తీగతో కలిపితే, తెరమీది సరి గీతలను ఒకటి, బేసి గీతలను మరొకటి గీసేవి. ఒకే మగ్గంమీద ఇద్దరు నేతగాళ్ళు పోగు విడిచి పోగు నేసినట్లన్నమాట. పక్కపక్క గీతల్లో ఉండే బొమ్మ ఇంచుమించు ఒకటే కాబట్టి ఇద్దరికీ పని సమానంగా పడేది. ఒక్క కార్డుతో 800×600 దగ్గర ఆగిపోయే ఆట రెండింటితో 1024×768కు ఎక్కేది. ఈ పద్ధతికి ఎస్‌ఎల్‌ఐ అని పేరు పెట్టారు. ఆ సంస్థ ఎక్కువ కాలం బతకలేదు. 2000 డిసెంబరులో దాని ఆస్తులను ఎన్‌విడియా కొనుక్కున్నది. ఆస్తులతోపాటు ఆ మూడక్షరాలూ వెళ్ళాయి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1999లో కెనడాకు చెందిన ఏటీఐ సంస్థ, రేజ్ ఫ్యూరీ మ్యాక్స్ అనే కార్డు మీద రెండు చిప్పులను కూర్చి, గీతలను కాక మొత్తం చిత్రాలనే పంచింది. మొదటి చిత్రం ఒక చిప్పుది, రెండవది రెండవదానిది, మూడవది మళ్ళీ మొదటిదానిది. వంతులవారీ పద్ధతి. వినడానికి మరింత సుఖంగా ఉంది కదా! కానీ విండోస్ 2000 వచ్చేసరికి ఆ వ్యవస్థకు రెండవ చిప్పు కనబడనే లేదు. కొన్నవారికి సగం కార్డు మిగిలింది. ఈ రంగంలో తర్వాత పడ్డ పాట్లన్నింటికీ అది నాంది. 2004లో ఎన్‌విడియా తన ఎస్‌ఎల్‌ఐని తెచ్చినప్పుడు అక్షరాలు పాతవే అయినా విప్పిన అర్థం వేరు, ప్రధానంగా వాడిన పద్ధతి ఈ వంతులదే. 2005లో ఏటీఐ క్రాస్‌ఫైర్ తెచ్చింది. మొదట్లో దానికి ఒక 'పెద్ద' కార్డు, ఒక 'చిన్న' కార్డు, పెట్టె వెనుక వాటిని కలిపే ఒక తీగ ఉండేవి. ఇంటికి పెద్దకోడలు, చిన్నకోడలు అన్నట్లు.

ఆ సంస్థలు మనకు పరాయివి కావు. ఏటీఐ 2004లో హైదరాబాదులోని క్యూట్ సొల్యూషన్స్ అనే సంస్థను కొని ఈ ఊళ్ళో అడుగుపెట్టింది. 2006 అక్టోబరులో ఏటీఐనే ఏఎండీ మింగింది. ఐపాడ్‌లకు చిప్పులందించి పేరు తెచ్చుకున్న పోర్టల్‌ప్లేయర్‌కు హైదరాబాదులో పెద్ద అభివృద్ధి కేంద్రముండేది. 2007 జనవరిలో దాన్ని సుమారు 35 కోట్ల 70 లక్షల డాలర్లకు ఎన్‌విడియా కొన్నది. ఆ విధంగా కార్డుల అట్టపెట్టెలమీద కనిపించే రెండు పేర్లకూ మన ఊళ్ళో కార్యాలయాలు వెలిశాయి.

ఇక అద్దె గదులకు వద్దాం. 2008 వేసవిలో కొండాపూరులో మా గదిలో ఉండే మిత్రుడొకడు రెండు నెలల జీతం పోసి సీటీసీ నుండి రెండు కార్డులు తెచ్చుకున్నాడు. ఏ కంపెనీవో ఇక్కడ అప్రస్తుతం. విడివిడిగా బిగిస్తే రెండూ రాత్రంతా నిక్షేపంగా నడిచేవి. రెండూ కలిపితే పదిహేను నిమిషాలకు కంప్యూటరు చచ్చేది. దుకాణదారు ఒక్కొక్క కార్డును తన దగ్గర పెట్టి నడిపి చూపి, "రెండూ బాగానే ఉన్నాయి కదా సార్" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. కార్డు కంపెనీవారు మదర్‌బోర్డును చూపించారు, బోర్డువారు ఎస్‌ఎంపీఎస్‌ను చూపించారు, ఎస్‌ఎంపీఎస్ అమ్మినవాడు ఊరి కరెంటును చూపించాడు. తిలాపాపం తలా పిడికెడు. దేనికదే మంచిదై, కలిస్తే మాత్రం చెడే వస్తువుకు వారంటీ ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు ఏ వారంటీ కాగితంలోనూ జవాబు లేదు. వాడి రెండు నెలల జీతం ఆ ఖాళీలో పడి ఉంది.

కలిస్తే చెడడానికి గల కారణాలను ఆ రోజుల్లో మేము ఒక వరుసలో వెదకడం నేర్చుకున్నాము. ఆటలో బరువైన ఘట్టం రాగానే, ఏ నీలితెరా లేకుండా కంప్యూటరు దానంతటదే మళ్ళీ మొదలైతే అది కరెంటు రోగం. ఇరవై నిమిషాలు ఆడాక తెరమీద రంగుల చుక్కలు పొడిచి బిగుసుకుపోతే అది వేడి రోగం. తెర రెండు క్షణాలు నల్లబడి, తిరిగి వచ్చి, డ్రైవరు స్పందించడం మానివేసి మరల కోలుకున్నదని విండోస్ చెబితే అది డ్రైవరు రోగం కావచ్చు, రెండింటినీ కలిపే వారధి సరిగా కూర్చోకపోవడం కావచ్చు. అందుకని మొదట ఒక్కొక్క కార్డును పై గాడిలోనే పెట్టి చూడాలి, తర్వాత క్రింది గాడిలోనే పెట్టి చూడాలి, ఆ తర్వాత వారధిని మార్చి చూడాలి. ఈ వరుస తప్పితే ఏది దోషో తేలదు.

కరెంటు సంగతి లెక్క వేస్తే తేలిపోయేది. ఒక్కొక్క కార్డు సుమారు 110 వాట్లు తాగుతుందనుకుందాం. రెండింటికి 220, ప్రాసెసరుకు మరో 90. మొత్తం 310 వాట్లు, దాదాపు అంతా 12 వోల్టుల తీగమీదే. అంటే 26 ఆంపియర్లు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద '450 వాట్లు' అని పెద్ద అక్షరాలుండేవి కానీ, పక్కన చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉండేవి. మిగిలిన వాట్లన్నీ 3.3, 5 వోల్టుల తీగలవి, కార్డులకు అక్కరకు రాని చుట్టాలు. బరువు పెరిగినప్పుడు 12 వోల్టులు 11.4కు దిగువన పడితే ప్రమాణాల ప్రకారమే అది తప్పు. దానిపైన 600 వీఏ యూపీఎస్. అది మోయగలిగేది సుమారు 360 వాట్లు. వేసవి కోతల్లో కరెంటు పోగానే యూపీఎస్ బ్యాటరీకి మారే ఆ లిప్తలో మొత్తం చప్పున ఆరిపోయేది. దీనిలో ఒక విడ్డూరం కూడా ఉంది. మంచిదని ఎక్కువ ఖరీదు పెట్టి కొన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని, చవక యూపీఎస్ ఇచ్చే మెట్లుమెట్ల తరంగాన్ని సహించలేక, నాసిరకం వాటికంటే ముందే ఆగిపోయేవి.

ఎర్త్ సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం. ఉప్పు, బొగ్గు వేసి సరిగా గొయ్యి తీయించిన అద్దె ఇల్లు అదృష్టవంతులకే దొరికేది. మూడవ పిన్నుకు దిక్కులేని ప్లగ్గులో పెడితే, ఎస్‌ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల వల్ల ఇనుప పెట్టె మీదికి సగం వోల్టేజీ తేలివచ్చి, వట్టికాళ్ళతో తాకితే జివ్వుమనేది. రెండు కార్డుల కథలో సగం రోగాలు ఈ పిన్ను దగ్గరే మొదలవుతాయని మా గది పక్కనున్న ఎలక్ట్రీషియన్ వాదించేవాడు. సగం ఎక్కువ, కానీ కొన్ని మాత్రం నిజమే.

వేడి మాటకొస్తే, రెండు కార్డులు ఒకదానిమీద ఒకటి ఉన్నప్పుడు క్రిందిది విడిచిన వేడిగాలినే పైది పీల్చాలి. అందుకే ఎప్పుడూ పైకార్డే ముందు కాలుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు 80 దగ్గర నిలిచే చిప్పు, మే నెలలో గది 38 ఉంటే 93కు ఎక్కుతుంది. పంకా చేయగలిగేది గదిగాలితో చల్లబరచడమే కదా. పైగా కొండాపూరు, మాదాపూరుల్లో ఆనాడు రాళ్ళగుట్టలు పేల్చి భవనాలు లేపుతున్నారు. కోట్ల యేళ్ళనాటి దక్కను గ్రానైటు పొడిగా మారి మా పంకాల రెక్కలమీద పేరుకునేది. నెలకొకసారి పెయింటు బ్రష్షుతో దులపడం ఆచారం.

డ్రైవర్ల విషయంలో నిందంతా గదులమీద వేయడానికి లేదు. విండోస్ విస్టాతో కార్డు రెండు క్షణాలు పలకకపోతే దాన్ని బలవంతంగా తిరిగి లేపే ఏర్పాటు వచ్చింది. ఆ విస్టా పెట్టిన తంటాలెన్నో! 2008లో అమెరికా కోర్టు వ్యాజ్యంలో బయటపడిన మైక్రోసాఫ్టు కాగితాల ప్రకారం, 2007లో ఒక కాలవ్యవధిలో నమోదైన విస్టా పతనాల్లో 28.8 శాతం ఎన్‌విడియా డ్రైవర్ల ఖాతాలో, 9.3 శాతం ఏటీఐ ఖాతాలో పడ్డాయి. ఇవి ఒక్క కార్డున్నవారిని కూడా కలుపుకున్న లెక్కలే. రెండున్నవారి గతి ఊహించుకోవచ్చు.

సరే, ఎస్‌ఎంపీఎస్ మార్చాము, ఎర్త్ వేయించాము, కూలరు పెట్టాము, డ్రైవరును సేఫ్ మోడ్‌లో తుడిచి మళ్ళీ ఎక్కించాము. పతనాలు ఆగాయి. లెక్కల్లో క్షణానికి 60 చిత్రాలు కనబడుతున్నాయి. అయినా కంటికి ఆట కుంటుతూనే ఉంది! దీనికి పోలిక మా బస్‌స్టాపులోనే ఉంది. సికింద్రాబాదు నుండి కొండాపూరు వచ్చే 10హెచ్ బస్సులు గంటకు ఆరు అన్నారనుకోండి, సగటున పది నిమిషాలకొకటి రావాలి. కానీ అవి జంటలుగా వస్తే? రెండు బస్సులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వెళ్ళిపోతాయి, తర్వాత ఇరవై నిమిషాలు ఎండలో నిలబడాలి. సగటు మారలేదు, మన కాళ్ళు మాత్రం లాగాయి. వంతుల పద్ధతిలోనూ ఇదే జరిగేది. ఒక చిత్రం వెనుక 3 మిల్లీసెకన్లకే మరొకటి, ఆపై 30 మిల్లీసెకన్ల శూన్యం. సగటు చూస్తే 60, అనుభవం 30.

ఇది హైదరాబాదు కరెంటు దోషం కాదు, చల్లని టొరాంటోలోనూ అంతే. దీన్ని జనం ఏళ్ళ తరబడి మొత్తుకున్నా, 2011లో టెక్ రిపోర్టు అనే పత్రికలో స్కాట్ వాసన్ ఒక్కొక్క చిత్రానికి పట్టిన సమయాన్ని విడదీసి చూపేదాకా పట్టించుకున్నవారు తక్కువ. 2013లో తెరకు వెళ్ళే చిత్రాలకు రంగు పట్టీలు అంటించి కొలిచే పద్ధతి వచ్చాక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఆగస్టులో ఏఎండీ చిత్రాల నడకను సరిదిద్దే డ్రైవరును విడుదల చేసింది. అప్పటికి మా మిత్రుని కార్డులు సీటీసీలోనే సగం ధరకు చేతులు మారి చాలా కాలమైంది.

ఇదే కాలంలో, అదే గచ్చిబౌలిలో, ఈ చిక్కును మరొక వైపునుండి చూసినవారున్నారు. ట్రిపుల్ ఐటీలో ఆచార్య పి.జె. నారాయణన్ బృందం మామూలు కంప్యూటర్లను, మామూలు కార్డులను వలగా కూర్చి, అనేక తెరలను ఒక్క గోడలా చేసే వ్యవస్థను నిర్మించి, 2007లో ప్రచురించింది. దానికి 'గరుడ' అని పేరు పెట్టారు. ఆ యేడే పవన్ హరీష్, నారాయణన్ కలిసి, కోటి శీర్షాలున్న గ్రాఫులో ఒక చోటునుండి అన్నింటికీ దగ్గరి దారులను 600 డాలర్ల 8800 జీటీఎక్స్ కార్డు ఒకటిన్నర సెకనులో వెదకగలదని చూపించారు. బొమ్మలు గీసే కార్డుతో బొమ్మలు గీయించకపోవడం అన్న సంగతి అప్పట్లో మా గదులకు చేరలేదు.

తేడా ఎక్కడుందంటే, ఆటలోని చిత్రం తన ముందటి చిత్రాన్ని అడిగి తెలుసుకుంటుంది. కొత్త పద్ధతులు వచ్చేకొద్దీ ఈ అడగడం పెరిగింది. ముందటి చిత్రం పక్క కార్డులో ఉంటే దాన్ని తెప్పించుకోవాలి, తెప్పించుకునే వేళకు వంతు దాటిపోతుంది. గణనలో అలా కాదు, పనిని ముందే ముక్కలు చేసి ఎవరి ముక్క వారికివ్వవచ్చు. 2015లో డైరెక్టెక్స్ 12 ఈ పంపకం భారాన్ని ఆట రాసేవారిమీదనే వేసింది. తలకెత్తుకున్నవారు కొద్దిమంది. 2020లో ఎన్‌విడియా ఆటల వరుసలో 3090 అన్న ఒక్క కార్డుకు తప్ప వారధి పెట్టలేదు. 2021 జనవరి 1 తర్వాత కొత్త ఆటలకు ఎస్‌ఎల్‌ఐ మద్దతు వ్రాయడం మానేసింది. 2022లో వచ్చిన 4090కి వారధి గాడి కూడా లేదు.

విచిత్రమేమంటే రెండు కార్డుల పెట్టెలు మళ్ళీ కనబడుతున్నాయి. ఈసారి ఆటలకు కాదు, భాషా నమూనాలను ఇంట్లోనే నడుపుకోవడానికి. ఆనాడు 512 మెగాబైట్ల కార్డులు రెండు పెడితే, రెండింటిలోనూ ఒకే సరుకు నింపాల్సి రావడంతో, లెక్కకు 512 మాత్రమే మిగిలేది. ఈనాడు నమూనాను పొరలుగా కోసి సగం ఇక్కడ, సగం అక్కడ పెడతారు కనుక 24, 24 కలిస్తే 48 అవుతున్నది. వారధి లేకున్నా పని నడుస్తుంది. కార్డు ఒక్కటే 350 వాట్లు తాగుతుంది గనుక ఎస్‌ఎంపీఎస్, వేడి, యూపీఎస్, ఆ మూడవ పిన్ను, అన్నీ యథాతథం. మొన్న ఒక కుర్రవాడు రెండు కార్డులు కలిపితే పదిహేను నిమిషాలకు ఆగిపోతున్నదని వచ్చాడు. ఒక్కొక్కటిగా పై గాడిలో పెట్టి చూశావా అని అడిగాను.