వచ్చిన డబ్బు డెబిట్ ఎందుకయింది? కొత్తగా అకౌంట్స్ చదివే మన పిల్లలకు సంఘం పుస్తకంతో మొదటి పాఠం

ప్లస్ వన్‌లో కామర్స్ తీసుకున్న మన పిల్లల్లో చాలామంది మొదటి నెలలోనే ఒకే చోట తడబడతారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీకి పోతే ఇంగ్లీషు. ఇంటి లెక్కలో 'జమ' అంటే వచ్చిన డబ్బు. తమిళంలో 'వరవు' అన్నా వచ్చిన డబ్బే. అకౌంటెన్సీలో క్రెడిట్ అనే మాటను మనం జమ అంటాం, తమిళ పాఠ్యపుస్తకం వరవు అంటుంది. కానీ అదే పుస్తకం నగదు వస్తే నగదు ఖాతాకు డెబిట్ రాయమంటుంది. వచ్చింది జమ కావాలి కదా, డెబిట్ ఎందుకయింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలియక సూత్రాలను బట్టీపట్టి పరీక్ష దాటేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు డిగ్రీలో మళ్ళీ అదే ఇబ్బంది. ఆ ముడి విప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం. ఉదాహరణకు పెద్ద కంపెనీ అక్కర్లేదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో అమ్మో, అత్తో, పిన్నో సభ్యురాలిగా ఉన్న మహిళా సంఘం పుస్తకం చాలు.

ధర్మపురికీ సంఘాల లెక్కలకూ సంబంధం

తమిళనాడులో స్వయం సహాయక సంఘాలు ప్రభుత్వ పథకంగా మొదలైంది మన ధర్మపురి జిల్లాలోనే. 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో తమిళనాడు మహిళాభివృద్ధి సంస్థ ఇక్కడ సంఘాలు పెట్టించింది. అప్పటికి కృష్ణగిరి, హోసూరు, డెంకణికోట కూడా ధర్మపురి జిల్లాలోనే ఉండేవి. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయింది. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే ప్రయోగం మొదలుపెట్టింది. 1997-98 నుంచి 'మగళిర్ తిట్టం' పేరుతో దశలవారీగా రాష్ట్రమంతా సంఘాలు విస్తరించాయి.

సంఘంలో సాధారణంగా 12 నుంచి 20 మంది ఉంటారు. అప్పు ఇచ్చే ముందు బ్యాంకు చూసేవాటిలో ముఖ్యమైనది పుస్తకం: పొదుపు క్రమంగా వస్తోందా, అప్పులు తిరిగి కడుతున్నారా, నగదు పుస్తకం ప్రకారం చేతిలో ఎంత ఉండాలో అంత ఉందా. లెక్క సరిగా లేకపోతే అప్పు రాకపోవడం ఒక్కటే కాదు, ఇరుగుపొరుగు మధ్య నమ్మకమే పోతుంది. అందుకే ఈ పాఠం మార్కుల కోసం మాత్రమే కాదు.

మొదటి సూత్రం: సంఘం వేరు, మనుషులు వేరు

అకౌంట్స్‌లో అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది వ్యాపార అస్తిత్వ భావన. అంగడి వేరు, అంగడి యజమాని వేరు. సంఘం వేరు, సభ్యులు వేరు. మనం రాసేది సంఘం పుస్తకమైతే ప్రతి పద్దునూ సంఘం వైపు నుంచే చూడాలి.

అలా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. సభ్యులు కట్టిన పొదుపు సంఘానికి ఆదాయం కాదు, అప్పు. ఏదో ఒక రోజు వాళ్ళకు తిరిగి ఇవ్వాల్సిందే కదా! సభ్యులకు ఇచ్చిన అప్పు సంఘానికి ఖర్చు కాదు, ఆస్తి. అది తిరిగి రావాల్సిన డబ్బు. అంగడిలోనూ ఇంతే. యజమాని పెట్టిన మూలధనం అంగడి అతనికి ఇవ్వాల్సింది. గల్లాపెట్టెలోంచి ఇంటి సరుకులకు తీసుకున్నది అంగడి ఖర్చు కాదు, యజమాని సొంతవాడకం.

రెండో సూత్రం: ప్రతి రూపాయికీ రెండు చోట్లు

ఇప్పుడు మన ముడికి వద్దాం. ఒక సభ్యురాలు 200 రూపాయలు పొదుపు కట్టింది. పుస్తకం రాసే అమ్మాయి 'ఆమె పేరున 200 జమ' అని రాస్తుంది. ఈ వాక్యంలో జమ ఎవరి పేరున? ఆమె పేరున. పెట్టె పేరున కాదు. ఇచ్చింది ఆమె కాబట్టి ఆమె ఖాతాలో క్రెడిట్. అదే 200 పెట్టెలోకి వచ్చింది కాబట్టి నగదు ఖాతాలో డెబిట్. జరిగింది ఒక్కటే, రాయాల్సిన చోట్లు రెండు.

అంటే జమ, వరవు అనే మాటలు తప్పు కాదు. వాటిని ఏ ఖాతా పేరున అంటున్నామో చూసుకోకపోవడమే మన చిక్కు. ఇంటి నోటుపుస్తకంలో ఉండేది ఒక్క నగదు లెక్కే. అందుకని జమ అంటే వచ్చిందని అలవాటైంది. జంటపద్దు విధానంలో ఎదుటి ఖాతా కూడా రాస్తాం, అక్కడ జమ అంటే ఇచ్చినవారి పేరున గుర్తు పెట్టుకున్నది. దీన్నే ద్వంద్వ రూప భావన అంటారు. ఇటలీలో వెనిస్ వర్తకులు వాడుతున్న ఈ పద్ధతిని 1494లో లూకా పాచోలీ తన గణిత గ్రంథంలో వివరించి అచ్చు వేయించాడు. నేటి కంప్యూటర్ లెక్కల వెనక ఉన్నదీ అదే.

ఖాతాలు మూడు రకాలు, సూత్రాలూ మూడే:

వ్యక్తిగత ఖాతా (మనిషి, బ్యాంకు, సంఘం): పుచ్చుకునేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్.
వాస్తవిక ఖాతా (నగదు, బీరువా, సరుకు): వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్.
నామమాత్రపు ఖాతా (వడ్డీ, అద్దె, జీతం): ఖర్చులకు, నష్టాలకు డెబిట్, ఆదాయాలకు, లాభాలకు క్రెడిట్.

ఒక సంఘం లెక్క రాసి చూద్దాం

15 మంది సభ్యులున్న ఒక సంఘం అనుకుందాం. నెలకు తలా 200 రూపాయల పొదుపు. ఆరు నెలలకు 18,000 రూపాయలు. అక్కడి నుంచి ఇలా జరిగింది:

1. పొదుపు నగదుగా వచ్చింది 18,000. నగదుకు డెబిట్, సభ్యుల పొదుపుకు క్రెడిట్.
2. బ్యాంకులో వేసింది 17,000. బ్యాంకుకు డెబిట్, నగదుకు క్రెడిట్.
3. బ్యాంకు 50,000 అప్పు మంజూరు చేసి సంఘం ఖాతాలో వేసింది. బ్యాంకుకు డెబిట్, బ్యాంకు అప్పుకు క్రెడిట్.
4. ఐదుగురు సభ్యులకు తలా 12,000 చొప్పున 60,000 బ్యాంకు నుంచి అప్పు ఇచ్చారు. సభ్యుల అప్పులకు డెబిట్, బ్యాంకుకు క్రెడిట్.
5. నెల తర్వాత సభ్యులు అసలు 10,000, నూటికి నెలకు 2 రూపాయల చొప్పున వడ్డీ 1,200 నగదుగా కట్టారు. నగదుకు 11,200 డెబిట్. సభ్యుల అప్పులకు 10,000, వచ్చిన వడ్డీకి 1,200 క్రెడిట్.
6. బ్యాంకుకు అసలు 5,000, వడ్డీ 500 నగదుగా కట్టారు. బ్యాంకు అప్పుకు 5,000, కట్టిన వడ్డీకి 500 డెబిట్. నగదుకు 5,500 క్రెడిట్.
7. రిజిస్టర్లకు, బస్సు ఛార్జీలకు 200 అయింది. ఖర్చులకు డెబిట్, నగదుకు క్రెడిట్.

ఇలా తేదీల వరుసలో రాసేది చిట్టా. అందులోంచి ఒక్కో ఖాతాను విడదీసి వేరే పేజీలోకి ఎక్కించేది ఆవర్జా. ఆవర్జాలోని నిలవలన్నీ ఒకచోట చేర్చితే అంకణా:

డెబిట్ నిలవలు: నగదు 6,500, బ్యాంకు 7,000, సభ్యుల అప్పులు 50,000, కట్టిన వడ్డీ 500, ఖర్చులు 200. మొత్తం 64,200.
క్రెడిట్ నిలవలు: సభ్యుల పొదుపు 18,000, బ్యాంకు అప్పు 45,000, వచ్చిన వడ్డీ 1,200. మొత్తం 64,200.

రెండూ సరిపోయాయి. ఇప్పుడు లాభం చూద్దాం. వచ్చిన వడ్డీ 1,200. కట్టిన వడ్డీ, ఖర్చులు కలిపి 700. మిగులు 500. చివరగా ఆస్తి అప్పుల పట్టీ: ఆస్తులు 6,500 + 7,000 + 50,000 = 63,500. ఇవ్వాల్సినవి 18,000 + 45,000 = 63,000. మిగులు 500 కలిపితే 63,500.

చేతికొచ్చింది లాభం కాదు

అయిదో పద్దును మళ్ళీ చూడండి. ఆ రోజు పెట్టెలోకి 11,200 వచ్చింది. ఆదాయం మాత్రం 1,200. మిగతా 10,000 సంఘం ఇచ్చిన డబ్బు తిరిగి వచ్చింది, అంతే. పెట్టె నిండుగా ఉందని దాన్ని లాభంగా పంచుకుంటే బ్యాంకు వాయిదా నాటికి చేతిలో ఏమీ ఉండదు. అప్పుతో తెచ్చిన సరుకు అమ్మి, ఆ డబ్బంతా లాభమనుకుని ఇంటికి వాడుకునే అంగడికి కూడా ఇదే గతి.

తలకిందుల సంగతి కూడా ఉంది. మార్చి 31న లెక్కలు ముగించేటప్పుడు ఒక సభ్యురాలు ఆ నెల వడ్డీ 240 ఇంకా కట్టలేదనుకోండి. డబ్బు రాకపోయినా అది ఈ ఏటి ఆదాయమే. 'రావాల్సిన వడ్డీ' అని రాసుకోవాలి. దీన్ని సంప్రాప్త భావన అంటారు. ఒక ఏటి ఆదాయానికి ఆ ఏటి ఖర్చులనే ఎదురుపెట్టి చూడటం జతపరిచే భావన.

తక్కిన భావనలు క్లుప్తంగా

ద్రవ్య కొలమాన భావన: డబ్బులో కొలవగలిగినదే పుస్తకంలోకి వస్తుంది. సంఘం నాయకురాలి మంచిపేరు ఎంత విలువైనదైనా పద్దు కాదు.
వ్యయ భావన: 6,000కు కొన్న బీరువాను 6,000గానే రాయాలి, ఈ రోజు బజారు ధర ఎంతైనా సరే. ఏటేటా అరుగుదలను తరుగుదలగా తగ్గిస్తూ పోవాలి.
కొనసాగే సంస్థ భావన: సంఘం రేపు మూతపడదు, నడుస్తూనే ఉంటుందని అనుకుని లెక్క రాస్తాం.
మితవాద సంప్రదాయం: రాబోయే లాభాన్ని ముందే లెక్కలోకి తేకూడదు. వసూలు కాదేమోనన్న అప్పుకు మాత్రం ముందే కొంత పక్కన పెట్టాలి.

అంకణా సరిపోయినా తప్పు ఉండొచ్చు

ఒక సభ్యురాలు కట్టిన 1,000ని పొరపాటున మరొక సభ్యురాలి పేజీలో జమ చేశారనుకోండి. అంకణా చక్కగా సరిపోతుంది. ఒక పద్దు పూర్తిగా రాయడం మరిచిపోయినా సరిపోతుంది. తగాదా మాత్రం తప్పదు. అందుకే నెలనెలా సభ్యుల పాస్‌బుక్కులను ఆవర్జాతో సరిచూడటం, చేతిలోని నగదును అందరి ముందూ లెక్కపెట్టడం అవసరం.

బ్యాంకు పాస్‌బుక్ చూసినప్పుడు మరో సందేహం వస్తుంది. మనం బ్యాంకులో వేసిన 17,000 మన పుస్తకంలో డెబిట్, బ్యాంకు పాస్‌బుక్‌లో క్రెడిట్. రెండూ ఒప్పే. పాస్‌బుక్ బ్యాంకు రాసే పుస్తకం. బ్యాంకు దృష్టిలో ఇచ్చింది మనం, కాబట్టి మన పేరున జమ.

మూడు భాషల్లో ముఖ్యమైన మాటలు

డెబిట్: తమిళంలో పట్రు.
క్రెడిట్: తెలుగులో జమ, తమిళంలో వరవు.
జర్నల్: తెలుగులో చిట్టా, తమిళంలో కురిప్పేడు.
లెడ్జర్: తెలుగులో ఆవర్జా, తమిళంలో పేరేడు.
ట్రయల్ బ్యాలెన్స్: తెలుగులో అంకణా, తమిళంలో ఇరుప్పాయ్వు.
బ్యాలెన్స్ షీట్: తెలుగులో ఆస్తి అప్పుల పట్టీ, తమిళంలో ఇరుప్పునిలై కురిప్పు.
క్యాపిటల్: తెలుగులో మూలధనం, తమిళంలో ముదల్.
డ్రాయింగ్స్: తెలుగులో సొంతవాడకాలు, తమిళంలో ఎడుప్పుగళ్.
డిప్రిసియేషన్: తెలుగులో తరుగుదల, తమిళంలో తేయ్‌మానం.
డబుల్ ఎంట్రీ: తెలుగులో జంటపద్దు, తమిళంలో ఇరట్టై పదివు.

పరీక్ష ఏ భాషలో రాస్తారో ఆ భాష మాటలనే జవాబులో వాడండి. అర్థం మాత్రం ఇంటి భాషలో పట్టుకోండి.

మీరే చేసి చూడండి

పై సంఘానికే రెండో నెల లెక్క ఇది. పొదుపు 3,000 నగదుగా వచ్చింది. సభ్యులు అసలు 5,000, వడ్డీ 1,000 నగదుగా కట్టారు. సంఘం బ్యాంకుకు అసలు 5,000, వడ్డీ 450 నగదుగా కట్టింది. చిట్టా, ఆవర్జా, అంకణా రాయండి.

జవాబు: నగదు 10,050, బ్యాంకు 7,000, సభ్యుల అప్పులు 45,000, కట్టిన వడ్డీ 950, ఖర్చులు 200. అటువైపు పొదుపు 21,000. బ్యాంకు అప్పు 40,000. వచ్చిన వడ్డీ 2,200. రెండువైపులా 63,200. రెండు నెలల మిగులు 1,050.

ఇది సరిగా వచ్చినవాళ్ళు ఇంట్లోవాళ్ళ సంఘం నగదు పుస్తకం అడిగి, ఒక్క నెల పద్దులు ఇదే తీరున రాసి చూడండి.