సైలెన్సర్‌లో మంటలు: మోజు, ఖర్చు, చట్టం

మాడుగులపల్లి మీదుగా మిర్యాలగూడకు పోయే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు సాఫీగా ఉంటుంది. కుర్రాళ్ల చేతిలో బుల్లెట్ ఉంటే ముందు మారేది సైలెన్సరే. ఈ మోజు పాతదే. అమెరికాలో పాత ఫోర్డ్ కార్లను ‘హాట్ రాడ్’లుగా మార్చినవాళ్లు పొగ గొట్టాలను పక్కలకు తిప్పి, క్రోమ్ పూతతో మెరిపించేవారు.

గొట్టం చివర మంట ఎలా వస్తుంది? ఇంజన్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలోకి వచ్చి, గాలి తగలగానే భగ్గుమంటుంది. కొందరు మెకానిక్‌లు కావాలనే స్పార్క్‌ను ఆలస్యం చేస్తారు. అంటే మండేది మన పెట్రోలు డబ్బులే! పైగా వాల్వులు దెబ్బతింటాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్–6 బండ్లలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఆ వేడికి కరిగిపోవచ్చు. కోతల రోజుల్లో రోడ్డు పక్కన వరిగడ్డి ఉంటుంది, దాని సంగతి చెప్పనక్కర్లేదు.

మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 3 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్ బాబు బండి నడిపి నేరం చేస్తే 199ఎ సెక్షన్ కింద అబ్బాజాన్ మీద కేసు, 25,000 జరిమానా. విశాఖపట్నంలోనైతే పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు.

అందమే కావాలంటే కంపెనీ సైలెన్సర్‌ను అలాగే ఉంచి పాలిష్ పెట్టించుకోవచ్చు. లోపలి జాలీ, గొట్టాలు మాత్రం కోయించొద్దు.