చక్రముల కుర్చీలోనున్న వైద్యురాలు

1954వ సంవత్సరము జనవరి 30వ తేదీన రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన కొందరు యౌవన వైద్యులు ఒక బండిలో విహారమునకు బయలుదేరిరి. త్రోవలో ఆ బండి బోల్తాపడెను. అందులోనున్న మేరీ వర్గీసు అను వైద్యురాలి వెన్నెముకకు దెబ్బ తగిలెను. ముఖమునకు పెద్ద గాయమాయెను. ప్రాణము దక్కినది గాని, ఆమె శరీరముయొక్క క్రింది భాగమంతయు స్పర్శ లేక చచ్చుబడిపోయెను. అప్పటికామె వయస్సు ఇరువదియెనిమిదేండ్లు.

ఆమె కొచ్చికి సమీపమున చెరాయి అను ఊరిలో 1925లో జన్మించెను. స్కడర్ దొరసానిగారు 1918లో ఆడపిల్లలకొరకు చిన్న వైద్య పాఠశాలగా ప్రారంభించినదే ఈ రాయవేలూరు కళాశాల. అందు చదివి పట్టము పొంది, స్త్రీల వైద్యమందు ప్రావీణ్యత సంపాదింపవలెనని ఆమె ఆశించెను. ఇప్పుడు లేచి నిలువలేని స్థితి. కాన్పుగదిలో రాత్రనక పగలనక నిలిచి పనిచేయుట ఇక ఎట్లు?

ఆ దినములలో ఆమెను ఇంటికి పంపివేసియుండిన యెడల ఎవరును తప్పుపట్టియుండరు. మంచి కుటుంబము, ప్రేమగల వారు. ఒక మూలగదిలో మంచమువేసి ప్రార్థించి పోషించియుందురు. ఇది దయయేనని అందరును అనుకొందురు.

అక్కడ పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడుండెను. మిషనరీ తలిదండ్రులకు మన దక్షిణదేశములోని కొల్లి కొండలలో పుట్టినవాడు. కుష్ఠువ్యాధిచేత నరములు చెడి, వ్రేళ్లు గోళ్లవలె ముడుచుకొనిపోయినవారి చేతులను బాగుచేయుట ఆయన పని. ముంజేతిలో బలము మిగిలియున్న కండరమును మళ్లించి వ్రేళ్లకు కలిపినయెడల, ఆ చేయి మరల గిన్నె పట్టుకొనును, పార పట్టుకొనును. మిగుల సున్నితమైన పని, గంటలకొలది సాగును. అయితే ఈ చికిత్సలో రోగి చేతిని బల్లమీద చాపి యుంచుదురు. కాళ్లు బాగుగానున్న వైద్యుడును సాధారణముగా కూర్చుండియే దీనిని చేయును.

బ్రాండుగారు గ్రహించినది ఇదియే. మేరీ కోల్పోయినవి కాళ్లు. ఈ పనికి కావలసినవి చేతులు, కన్నులు, ఓర్పు. ఆమెకొరకని చికిత్స నాణ్యతను ఒక వీసమైనను తగ్గింపలేదు. ఆమె చేయదగిన పనిని వెదకి, అది నేర్పిరి. ఆమె అప్పటికే పట్టము పొందినది గదా, విద్యార్థిని కాదు గదా అని ఎవరైన అనవచ్చును. అయితే శస్త్రవైద్యము ఆమె నేర్చుకొనినది ఆ చక్రముల కుర్చీలో కూర్చుండియే. వైద్యురాలే కుర్చీలో వచ్చుట చూచి కుష్ఠురోగులు ధైర్యము తెచ్చుకొనుచుండిరి. తాము అంగహీనులమని తలవంచుకొనినవారి యెదుట, తమకంటె ఎక్కువ పోగొట్టుకొనిన యొకతె కత్తి చేతపట్టుకొని పనికి సిద్ధముగా నుండెను.

తరువాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్తు పట్టణమునకు, అక్కడనుండి కొంతకాలమునకు అమెరికాలోని న్యూయార్కు నగరమునకును వెళ్లెను. న్యూయార్కులో హవర్డ్ రస్కు అను ప్రసిద్ధ వైద్యునియొద్ద, కాలుసేతులు పడిపోయినవారిని మరల బ్రదుకుదెరువునకు సిద్ధపరచు విద్యను అభ్యసించెను. తిరిగివచ్చి 1963లో రాయవేలూరులో ఆ శాఖకు అధిపతియాయెను. 1966లో అట్టి రోగులు నివసించి శిక్షణ పొందుటకు ప్రత్యేకమైన ఆలయము తెరువబడెను. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. 1986లో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ పునరావాస కేంద్రము నేడు ఆమె పేరనే పిలువబడుచున్నది.

ఈ కథను నేను ప్రసంగపీఠమునుండి అనేక పర్యాయములు చెప్పితిని. చెప్పినప్పుడెల్ల ఆమె విశ్వాసమును, ఆమె తెగువను కొనియాడి కూర్చుంటిని. సంఘము కన్నీరు కార్చెను. ఆ కథలో సగమే నేను చెప్పుచుంటినని చాలాకాలము నాకు తోచలేదు. ఆమెకెంత ధైర్యమున్నను, తలుపు మూసియుండినయెడల ఏమగును? నిర్గమకాండములో మోషే తన నోరు మాంద్యము గలదని మొరపెట్టినప్పుడు దేవుడేమి చేసెను? ఆయన నాలుకను బాగుచేసినట్లు మనము చదువము. పనినుండి తప్పించినట్లును చదువము. ప్రక్కన మాటలాడుటకు అహరోనును ఇచ్చెను. బ్రాండుగారు చేసినది అట్టిదే. ఎవరి ప్రసంగములోనైన అహరోను గొప్పవాడుగా వినబడుట అరుదు. కాని ఆయన లేనిదే మోషే ఫరో యెదుట నిలుచుట ఎట్లో నాకు తెలియదు.

నేను ఈ సంగతి ఎందుకు వ్రాయుచున్నాననగా, నేను ఒకసారి అహరోనుగా ఉండుటకు బదులు తలుపు మూసినవాడనైతిని. పాతికేండ్ల క్రిందటి మాట. మా సంఘములో పోలియోవలన ఒక కాలు సన్నబడిన చిన్నది నర్సు చదువునకు దరఖాస్తు చేసికొనెను. మంచముపట్టిన తన నాయనమ్మను రెండు సంవత్సరములు పుండ్లు పడకుండ చూచుకొనిన పిల్ల. కాపరి ఉత్తరము కావలెనని వచ్చెను. నేను సత్‌ప్రవర్తనను గూర్చి వ్రాసి, చివర ఒక వాక్యము చేర్చితిని: కాలు బలహీనము గనుక వార్డులో ఎక్కువసేపు నిలువజాలదేమోనని. అడిగినవారెవరు? ఎవరును అడుగలేదు. నిజము చెప్పుట నా విధియనుకొంటిని. ఆమెకు పిలుపు రాలేదు. ఆ వాక్యమే కారణమా కాదా చెప్పజాలను. దానిని వ్రాసినది మాత్రము నేనే. నేడు ఆమె కుట్టుమిషనుతో ఇల్లు గడుపుకొనుచున్నది. ఆదివారము నా యెదుటనే మూడవ వరుసలో కూర్చుండును. “బాగున్నారా అయ్యగారూ” అని ఎప్పటివలెనే పలుకరించును.

చట్టములు మాకంటె ముందుగా మారెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము, ప్రభుత్వ కళాశాలలలోను ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలలోను పై చదువులకు నూటికి అయిదు స్థానములు నలువది శాతమునకు తక్కువగాని లోపము గలవారికి కేటాయించెను. 2024 అక్టోబరులో మన దేశపు అత్యున్నత న్యాయస్థానము వైద్యవిద్యను గూర్చి తీర్పుచెప్పుచు, లోపమెంత శాతమన్న లెక్కమాత్రముచేతనే ఎవరినిగాని త్రోసివేయరాదనియు, ఆ చదువును ఆ మనిషి సాగింపగలడా లేదా అని పరీక్షించి చూడవలెననియు పలికెను. 2025 ఫిబ్రవరిలో, వైద్యవిద్యార్థికి రెండు చేతులును లోపములేక యుండితీరవలెనన్న నియమమునకును చోటులేదనెను. బ్రాండుగారు సుమారు డెబ్బది యేండ్ల క్రిందట అడిగిన ప్రశ్ననే న్యాయాధిపతులును అడుగుచున్నారు: ఏమి పోయినదని కాదు, ఏమి చేయగలడని.

ఇప్పుడు నా బల్లమీద మరియొక దరఖాస్తు ఉన్నది. మా సంఘములోని ఒక కుర్రవాడు, చెవి మందము, చెవిమిషను పెట్టుకొనును. నర్సింగు చదువవలెనని కోరుచున్నాడు. గుండె చప్పుడు ఎట్లు వినునని సంఘపెద్దలలో ఒకరు అడిగిరి. నేనును అదే అనుకొంటిని గాని, ఈసారి విచారించితిని. శబ్దమును పెంచి వినిపించు స్టెతస్కోపులు నేడు దొరకుచున్నవి. పాఠము చెప్పువారు ముఖము త్రిప్పుకొనక తనవైపు చూచి మాటలాడినయెడల తనకు తెలియునని ఆ కుర్రవాడే చెప్పెను.

ఉత్తరములో అతని వినికిడిని నేను దాచలేదు. దానిని వ్రాసి, దాని క్రిందనే ముందు బెంచీలో చోటును, వ్రాసిన పాఠములను దయచేయుడని కళాశాలవారిని అడిగితిని. స్టెతస్కోపు ఖరీదును, చెవిమిషను బ్యాటరీల ఖర్చును మా సంఘము భరించునని కూడ వ్రాసితిని. పంట కానుకలలోనుండి దానికి తీయవలెనని పెద్దలు వచ్చే ఆదివారము ఆరాధన తరువాత కూడుకొందురు. ఆ కుట్టుపని చేయు సహోదరిని కూడ రమ్మని కబురంపితిని.