బ్రాంక్సు నది పునర్జీవనము

నదుల చరిత్ర యనగానే మనకు పుష్కరములును, స్థలపురాణములును, ఆనకట్టలును స్మరణకు వచ్చును. నేడు నేను విన్నవించబోవునది వేఱొక విధమగు చరిత్రము. ఒక మహానగరము తన మురికిచే చంపుకొనిన యేటిని ఆ వాడలవారే మరల బ్రతికించుకొనిన కథ యిది. అమెరికాలోని న్యూయార్కు నగరమున ప్రవహించు బ్రాంక్సు నది పొడవు సుమారు 37 కిలోమీటర్లు. మన గోదావరి యెదుట అది పిల్లకాలువ.

1639లో యోనాస్ బ్రాంక్ అను స్వీడను దేశీయుడు ఆ ప్రాంతమున సేద్యమునకు దిగెను. అతని పేరే యేటికిని, పిదప ఆ నగరభాగమునకును నిలిచెను. అప్పుడచ్చట బీవరు లనెడి జంతువులు విస్తారముగా నుండెడివి. అవి పండ్లతో చెట్లను కొఱికి పడవైచి, కొమ్మలును బురదయు చేర్చి యేటికి కట్టలు కట్టును. ఆ చర్మముల వర్తకమునకై ఐరోపావారు వానిని రూపుమాపిరి. పిమ్మట ప్రవాహబలముతో తిరుగు మరలు వెలసెను. 1840లో కట్టిన ముక్కుపొడుము మర యొకటి నేటికిని ఆ తీరమున నిలిచియున్నది. పొడుము పీల్చు మిత్రులు ఈ మాట విని సంతసింతురు గాక!

రైలుమార్గము వచ్చెను, కర్మాగారములు వచ్చెను, ఇండ్ల మురుగెల్ల నేటిలోనే కలిసెను. 1885లో ఎగువను ఆనకట్ట కట్టి, ఆ నీటిని నగరమునకు త్రాగునీరుగా మళ్లించిరి. ఇట్లు నీరు తగ్గెను, మురికి హెచ్చెను. 1907లో ప్రభుత్వ మొక సంఘము నేర్పఱచి, 1925 నాటికి ఎగువతీరమును ఉద్యానముగను, మోటారు మార్గముగను తీర్చెను. దిగువభాగము మాత్రము కర్మాగారములకే విడువబడెను. ధనికులుండు ఎగువకు ఉద్యానము, పేదలుండు దిగువకు మురుగు! ఇది నాకు న్యాయముగా తోచదు.

1970 తరువాతి సంవత్సరములలో దక్షిణ బ్రాంక్సునందు ఇండ్లు తగులబడి, జనులు వలసపోవుచుండగా, యేటిలో పాత టైర్లు, మోటారుకార్లు సైతము పాఱవేయబడెను. అట్టి దుర్దినములలో, 1974లో, రూత్ ఆండర్‌బర్గ్ అను స్త్రీ పొరుగువారిని కూడగట్టి నదీపునరుద్ధరణ సంఘమును స్థాపించెను. వారికి జీతములు లేవు. నడుములోతు నీట దిగి చెత్తను పైకి లాగిరి.

చెత్త తీసినంతనే నది బాగుపడదు. గట్టున జపానునుండి అలంకారమునకై తెచ్చిన యొక మొక్క దట్టముగా అల్లుకొనెను. మన పొలములలో తుంగ యెట్టిదో అదియు నట్టిదే. వేరుముక్క మిగిలినచో మరల మొలచును. చలికాలమున అది చచ్చి గట్టును బోడిచేయగా వర్షమునకు మన్ను కొట్టుకొనిపోవును. స్వచ్ఛందసేవకులు దానిని పదేపదే త్రవ్వి, ఆ దేశపు సహజవృక్షములను నాటవలసి వచ్చెను. ఈ పనికి ఉత్సాహముకంటె ఓర్పే యెక్కువ కావలెను. 2001లో ఈ సంఘములన్నియు నగరపు ఉద్యానశాఖతో కూడి బ్రాంక్సు నదీ సమాఖ్యగా నేర్పడెను.

సముద్రమునుండి వచ్చి గోదావరిలో ఎదురీదు పులసను మీరెఱుగుదురు. ఆ తెగకు చెందిన ఏల్‌వైఫ్ అను చేప పూర్వము ఈ యేట గ్రుడ్లు పెట్టుటకు వచ్చెడిది. మరలకై కట్టిన కట్టలు దాని దారి మూసెను. 2006లో సుమారు 200 చేపలను పొరుగు రాష్ట్రమునుండి తెచ్చి విడిచిరి. మూడేండ్లకు కొన్ని సముద్రమునుండి తిరిగి వచ్చెను! తరువాత కట్టవద్ద చేప లెక్కుటకు మెట్లుకూడ కట్టిరి. 2007లో నగరవాసులు రెండువందల యేండ్లుగా చూడని బీవరు ఒకటి తనంతట తానే అచ్చట ప్రత్యక్షమయ్యెను. నదికి ధనసహాయము తెప్పించిన శాసనసభ్యుడు హోసే సెరానో పేరు దానికి పెట్టిరి. 2010లో రెండవది కనబడెను.

1987లో మూతబడిన కాంక్రీటు కర్మాగారము 2009లో ఉద్యానమయ్యెను. దాని పాతగాదెలను పడగొట్టక అట్లే నిలిపిరి. అది మంచి బుద్ధి యని నాయభిప్రాయము. మనుమలు అడిగినప్పుడు తాతలకు చూపుటకు ఆనవాలుండవలెను గదా.

అయినను పని ముగియలేదు. వాననీటికిని మురుగునకును ఆ నగరమున పెక్కుచోట్ల గొట్టము ఒక్కటే. పెద్దవాన కురిసినప్పుడు అది నిండి, పొంగి, నేటికిని నదిలోనికే వచ్చుచున్నది.