పాలపొడి పద్దులో లేని పేరు

మా అమ్మ పొద్దున నాలుగింటికే లేచి రెండు బర్రెల పాలు పితికేది. పేడ తీయడం, గడ్డి కోసుకురావడం, కుడితి పెట్టడం అన్నీ తనే. పాలకేంద్రం పాస్‌బుక్కులో మాత్రం నాన్న పేరుండేది. వరంగల్‌లో మా ఇంట్లో ఆ పుస్తకం ఇంకా ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే నేను పాలపొడి దిగుమతుల చరిత్ర చదివాను.

పాలపొడికీ మా అమ్మకూ ఏమిటి సంబంధం అంటారా? పొడిని నీళ్లలో కలిపితే మళ్లీ పాలవుతాయి. విదేశాల నుంచి చవక పొడి దిగితే ఊళ్లో లీటరు పాల ధర పడిపోతుంది.

పాలపొడి మీద సుంకం వెయ్యనని మన దేశం గాట్ ఒప్పందంలో ఎన్నడో మాటిచ్చింది. లైసెన్సుల గోడ ఉన్నంతకాలం ఆ మాట మనల్ని బాధించలేదు. 1990లలో ఆ గోడ కూలుతూ వచ్చింది. అవతల యూరప్ తన పాడికి బోలెడు సబ్సిడీలిస్తోంది. అప్పుడు మన ప్రభుత్వం మళ్లీ బేరానికి కూర్చుంది. వేరే సరుకుల మీద రాయితీలిచ్చి, 2000లో కొత్త ఏర్పాటు సాధించింది. ఏడాదికి మొదటి 10,000 టన్నుల పాలపొడికి 15 శాతం సుంకం, ఆపైన వచ్చేదానికి 60 శాతం.

ఆ 10,000 టన్నులు ఎవరుపడితే వాళ్లు తెచ్చుకోవడానికి లేదు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అనుమతి కావాలి. అర్హుల జాబితాలో జాతీయ పాడి అభివృద్ధి మండలి, స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వంటి సంస్థలను చేర్చారు. కోటా, అనుమతి, అర్హత... ఈ మాటల్లో ఎక్కడా పాలు పితికే చెయ్యి కనిపించదు. అయినా ఆ నిబంధన కాపాడింది ఆమె చేతికందే నాలుగు రూపాయలనే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2002లో, మాకు దగ్గర్లోని ములుకనూరులో మహిళా సహకార డైరీ మొదలైంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దానికి ఆధారం. అందులో సభ్యులంతా ఆడవాళ్లే. 'స్వకృషి' పేరుతో పాలు అమ్మారు. సభ్యత్వం దక్కినంత మాత్రాన పేడ తట్ట మగవాడి నెత్తికి మారిందని నేననను. కానీ పాల పైసలు ఎవరివో కాగితం మీద తేలింది.

2019 నవంబరులో మన దేశం ఆర్‌సెప్ ఒప్పందంలో చేరనని చెప్పింది. న్యూజిలాండ్ పాలపొడి వచ్చిపడుతుందన్న భయం అందుకొక కారణం. ఆ చర్చలన్నిటా 'పాడి రైతు' గురించి విన్నాను. ప్రతిసారీ 'అతడు' అనే అన్నారు. నాకు మా అమ్మ పాస్‌బుక్కు గుర్తొచ్చింది.

ఊళ్లో పాస్‌బుక్కు నుంచి జెనీవా ఒప్పందం దాకా ఒకే తప్పు రాసుకుంటూ వచ్చారు. వాణిజ్య చరిత్ర మన విషయం కాదని మనం వదిలేస్తే, దాన్ని దిద్దేదెవరు?